హిల్యా పూటకూళ్ళ ఇంటి వెలుతురు

పాత రాగి గనికి వెళ్ళే తారు రోడ్డు మీద, వంతెన దాటాక, ఎడమవైపు ఒక మట్టిదారి చీలుతుంది. పగటిపూట జింకల వేటకీ, అడవి పళ్ళు కోసుకోడానికీ అందరూ అటు వెళ్తారు. చీకటి పడ్డాక మాత్రం... మా ఊళ్ళో ఎవరూ అటు బండి తిప్పరు.

ఆ దారి చివర ఒకప్పుడు హిల్యా అనే ఆవిడ నడిపే పూటకూళ్ళ ఇల్లు ఉండేది. గని నడిచే రోజుల్లో సముద్రం దాటి వచ్చిన ఒంటరి కూలీలంతా అక్కడే తిని అక్కడే పడుకునేవాళ్ళు. బ్యాంకంటే వాళ్ళకి నమ్మకం లేదు. జీతంలో మిగిలిన వెండి నాణేలు హిల్యా మొగుడికిచ్చి దాచమనేవాళ్ళు.

ఒక చలికాలం రాత్రి ఆ ఇల్లు తగలబడింది. కూలీలు బయటపడ్డారు, హిల్యా బయటపడింది. మొగుడు కనబడలేదు — వెండీ కనబడలేదు.

వెండి పట్టుకుని పారిపోయాడని ఊరంతా అంది. హిల్యా ఒక్కతే అనలేదు. ఆయన అలాంటివాడు కాదంది. పగలు వెతికితే జనం నవ్వుతున్నారని, రాత్రిళ్ళు లాంతరు పట్టుకుని ఆ బూడిదలో వంగి వంగి వెతికింది. ఒక తెల్లవారుజామున చూస్తే మంచులో అలా వంగే ఉంది... బిగుసుకుపోయి.

ఇంకా వెతుకుతూనే ఉందంటారు.

నేను ఇలాంటివి తొందరగా నమ్మే మనిషిని కాను. వృద్ధుల హోమ్‌లో రాత్రి డ్యూటీలు చేస్తాను. పోయిన భార్యలు, పోయిన కుక్కలు వచ్చి మంచం మీద కూర్చున్నాయని ముసలాళ్ళు రోజూ చెబుతూనే ఉంటారు. సరే బాబూ అని దుప్పటి కప్పి వస్తాను. కానీ ఆర్వో సంగతి వేరు. నా వంటగదిలో కూర్చుని, ముందున్న కాఫీ ముట్టుకోకుండా, ఆయనే నాకు చెప్పాడు. ఇందులో ఒక ముక్కకి నేనే సాక్షిని కూడా.

ఆర్వో రిటైరయ్యేదాకా రోడ్ల మీద మంచు తోసే లారీ నడిపాడు. ఆయన భార్య రోండా నాతోపాటే పనిచేస్తుంది. ఇక డ్వేన్ — ఆర్వోకి బడిలో పక్క బెంచీ వాడు. ఇద్దరికీ ఒకటే పిచ్చి. చేతిలో లోహాన్ని పసిగట్టే డిటెక్టరు, చెవులకి హెడ్‌ఫోన్లు, పాడుబడ్డ ఇళ్ళ చుట్టూ పాత వెండి నాణేల కోసం తిరగడం. ఏళ్ళ తరబడి ఒకే బండిలో వెళ్ళారు, ఒకే ఫ్లాస్కులో తాగారు. ఇద్దరికీ ఒక ఒప్పందం ఉండేది. ఎవరికేది దొరికినా, సాయంత్రం బండి వెనక తలుపు వాల్చి, దాని మీద పరిచి ఇద్దరూ చూసుకోవాలి. దాచుకోకూడదు.

హిల్యా ఇంటి స్థలానికి అంతకుముందు చాలామంది వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చారు. రెండంతస్తుల చెక్క ఇల్లు కాలితే ఏం మిగుల్తుంది? మేకులు. బియ్యం ఒలికినట్టు ఎక్కడ పడితే అక్కడ మేకులు, మంచం స్ప్రింగులు, పొయ్యి మూతలు. ఇనుము మీదకి వెళ్ళినప్పుడల్లా డిటెక్టరు పందిలా గుర్రుమంటుంది. ఆ గోల భరించలేక అందరూ ఇనుము వినబడకుండా మీట తిప్పేస్తారు. అప్పుడు మేకు పక్కన ఇరుక్కున్న వెండి కూడా వినబడకుండా పోతుంది.

ఆర్వో ఆ మీట తిప్పలేదు. డిటెక్టరు కొసకి సాసరంత చిన్న చక్రం బిగించి, గుర్రుగుర్రులన్నీ వింటూ, చీమ నడిచినట్టు నడిచాడు. ఆ గోల మధ్యలో ఒక్కసారి, పిట్ట కూసినట్టు సన్నగా ఒక చప్పుడు... మోకాళ్ళ మీద కూర్చుని తవ్వితే, పాతకాలపు వెండి డైము, పది సెంట్ల నాణెం. చుట్టూ మేకులన్నీ తుప్పు ముద్దలు. అది మాత్రం ఎవరి జేబులోంచో నిన్న జారిపడ్డట్టు తెల్లగా ఉంది.

"ఎలా విన్నావురా?" అన్నాడు డ్వేన్.

ఆర్వో దాచుకోలేదు. ఎలా వినాలో నేర్పాడు. రెండో చిన్న చక్రం తనే కొనిచ్చాడు. ఆ స్థలం సొంతదారు ముసలావిడ ఎవర్నీ రానిచ్చేది కాదు. ఆవిడ ఇంటి మెట్లు బాగుచేసిపెట్టి, ఇద్దరికీ కలిపి అనుమతి సంపాదించింది కూడా ఆర్వోయే.

ఆకులు రంగు మారుతున్న రోజుల్లో, ఒక సాయంత్రం, డ్వేన్ ఉన్నట్టుండి పార కింద పడేశాడు.

"పద. బండెక్కు."

"ఏమైందిరా?"

"ఎక్కు ముందు."

తారు రోడ్డు ఎక్కేదాకా డ్వేన్ నోరు విప్పలేదు. అప్పుడు చెప్పాడు, గొంతు తగ్గించి — "నీ వెనకాల... ఎవరో వంగి ఉన్నారురా. ఆడమనిషి."

ఇంకెవరు చెప్పినా ఆర్వో నవ్వేవాడు. డ్వేన్ ఒంటరిగా ఎలుగుబంటిని కొట్టి, ఒంటరిగా అడవిలోంచి ఈడ్చుకొచ్చినవాడు. వాడు భయపడ్డాడంటే... ఆ రోజు నుంచి పొద్దు వాలగానే ఇద్దరూ బండెక్కేసేవాళ్ళు.

మొదటి మంచు పడే ముందు రోజు ఇది జరిగింది.

ఆ సాయంత్రం ఆర్వోని ఇంటి దగ్గర దింపుతూ డ్వేన్ మామూలుగా అడిగాడు, "రోండాకి ఈ వారం నైటేనా?"

"నైటే."

ఇంటికొచ్చి, వేడి చేసుకున్న పాస్టీ, ఆ మాంసం కూరిన రొట్టె, సగం తిన్నాక, కళ్ళజోడు హిల్యా స్థలంలో ఒక మొద్దు మీద వదిలేసినట్టు ఆర్వోకి గుర్తొచ్చింది. రేడియోలో తెల్లారేసరికి మంచు అంటున్నారు. మంచు కప్పేసిందంటే వసంతం దాకా దొరకదు. వెళ్ళాలని లేదు. అయినా వెళ్ళాడు.

మట్టిదారి బురదగా ఉందని బండి తారు రోడ్డు మీదే ఆపి, టార్చి పట్టుకుని నడిచాడు. గాలి లేదు. ఆకులు రాలిపోయిన అడవి కదా — తన బూట్ల చప్పుడు తనకే పెద్దగా వినిపిస్తోంది.

మలుపు తిరిగాడు.

వెలుతురు.

నేలకి మోకాలి ఎత్తున... పసుపుపచ్చగా... మెల్లగా కదులుతోంది.

ఆర్వో టార్చి ఆర్పేశాడు. పారిపోదామని పక్కకి తిరిగితే, ఫర్ చెట్ల చాటున ఏదో మెరిసింది. బండి అద్దం. డ్వేన్ బండి.

మళ్ళీ వెలుతురు వైపు చూశాడు. ఆ వెలుతురులో మోకాళ్ళ మీద కూర్చుని తవ్వుతున్నవాడు డ్వేన్. గళ్ళ కోటు, చెవుల మీద హెడ్‌ఫోన్లు. భయమంతా దిగిపోయింది. దాని చోట ఇంకేదో వచ్చి కూర్చుంది — చల్లగా, బరువుగా. చీకటి పడగానే నన్ను ఇంట్లో దింపేది ఇందుకా... ఆ దెయ్యం కబురు ఇందుకా... అనుకున్నాడు.

పిలుద్దామని నోరు తెరిచాడు.

అప్పుడు చూశాడు — డ్వేన్ ఒక్కడే లేడు.

పక్కన ఒకావిడ నిలబడి ఉంది. పొడుగు కోటు, తలకి కట్టిన గుడ్డ. ఎడమ చెయ్యి నడుం వెనక ఆనించుకుని, నడుం నొప్పి ఉన్నవాళ్ళు వంగినట్టు ఒక పక్కకి వంగి, కుడిచేత్తో దీపం పట్టుకుని ఉంది. డ్వేన్ చెయ్యి ఎక్కడికి పోతే దీపం అక్కడికి వస్తోంది.

డ్వేన్ గుసగుసగా అంటున్నాడు — "రా బంగారం... రా... ఎందుకంత సిగ్గు? ఇక్కడెవరున్నారు మనిద్దరం తప్ప..."

తవ్వేటప్పుడు డ్వేన్ నాణేలతో అలాగే మాట్లాడతాడు. ఆర్వో ఎన్నేళ్ళుగానో వింటున్న మాటలే. కానీ ఆ రాత్రి పక్కన ఆడమనిషి ఉంది కదా.

పైగా ఆ నిలబడడం ఆయనకి తెలుసు. ముసలాళ్ళని ఎత్తి పడుకోబెట్టీ పడుకోబెట్టీ నడుం పోగొట్టుకున్న మనిషి, ఇంట్లో పొయ్యి దగ్గర అచ్చం అలాగే నిలబడుతుంది. ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుని.

'రోండాకి ఈ వారం నైటేనా?'

ఎన్నిసార్లు అడిగాడు వాడు ఆ మాట...

ఆర్వో అరవలేదు. ఒక అడుగు కూడా ముందుకి వెయ్యలేదు. కళ్ళజోడు మాట మర్చిపోయి, చీకట్లోనే తడుముకుంటూ బండి దాకా వచ్చాడు.

ఇప్పుడు నేను సాక్షిని అన్నానే, ఆ ముక్క.

ఆ రాత్రి మా హోమ్‌లో ఒక పెద్దాయన పోతున్నాడు. ఆయనకి ఎవరూ లేరు. రాత్రి భోజనాలయినప్పటి నుంచి తెల్లారేదాకా రోండా ఆయన కుడిచెయ్యి పట్టుకుని కూర్చుంది. ఎడమచెయ్యి నేను పట్టుకున్నాను. ఆయన పోయాక ఇద్దరం కలిసి ఒళ్ళు తుడిచి, దుప్పటి మార్చి, కిటికీ కొంచెం తెరిచాం. రోండా నా కళ్ళ ముందు నుంచి కదల్లేదు. ఎక్కడ కావాలంటే అక్కడ చెబుతాను.

పొద్దున్నే మంచులో ఇంటికెళ్ళేసరికి ఆర్వో వంటగదిలో కూర్చుని ఉన్నాడట. పొయ్యి వెలిగించలేదు.

"ఎక్కడికెళ్ళావు?"

"డ్యూటీకి. ఎక్కడికెళ్తాను?"

"డ్వేన్ బాగున్నాడా?"

రోండా అర్థంకాక నవ్వింది. ఆయన చూసిందంతా చెప్పాడు. వింటూ వింటూ ఆవిడ మొహంలో నవ్వు పోయింది.

"రాత్రంతా చచ్చిపోతున్న మనిషి దగ్గర కూర్చుని వచ్చానయ్యా. నాతోపాటున్న మనిషికి ఫోన్ చేసి అడుగు."

"అది నీ స్నేహితురాలు. నువ్వేం చెప్పమంటే అదే చెబుతుంది."

రోండా వేసుకున్న కోటు విప్పకుండానే సంచీ సర్దుకుని మా ఇంటికి వచ్చేసింది. మా వెనకగదిలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. "ఒక్కసారైనా మొహం చూశావా అని అడిగాను," అంది చాలాసేపటికి. "చూడక్కర్లేదన్నాడు. నిలబడ్డ తీరు చాలన్నాడు."

మంచు బాగా పేరుకున్నాక ఆర్వో డ్వేన్ ఇంటికి వెళ్ళాడు. కొట్టడానికే వెళ్ళాడట. తీరా తలుపు తీశాక, చెయ్యి లేవలేదు.

"నాణేలు నువ్వే ఉంచుకో," అన్నాడు. "రోండా సంగతి చెప్పు."

డ్వేన్ మొహం తెల్లబోయింది. తలదించుకుని లోపలికెళ్ళి కాఫీ డబ్బా ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. లోపల వెండి డాలర్లు, డైములు. మంటకి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. వాటి చుట్టూ తుప్పుపట్టిన రేకు పెట్టె పెంకులు.

"కూలిన పొగగొట్టం పక్కన, మేకుల అడుగున... అన్నీ ఒకేచోట. మొదటిది తగలగానే తెలిసిపోయింది, ఇంకా చాలా ఉందని. చెప్పాలనే అనుకున్నాన్రా. నోరు రాలేదు. ఆ రోజు నీ వెనక దెయ్యాన్ని చూశానన్నది నేను పుట్టించిందే. తప్పు చేశాను. కానీ రోండాకీ దీనికీ ఏమిటి?"

"తన నైట్ డ్యూటీ నీకెందుకు మరి?"

"తను కారులో ఆ రోడ్డు మీదే వస్తుంది కదా. నా బండి చూసి నీకు చెబుతుందని, తనకి నైటున్న వారాల్లోనే వెళ్ళి, తెల్లారి తను తిరిగొచ్చే లోపల బయటపడేవాణ్ణి. అంతే. అక్కడ నేనొక్కణ్ణేరా."

"నా కళ్ళతో చూశాను. పక్కన నిలబడి నీకు దీపం పట్టింది."

"దీపమేంటి?" అన్నాడు డ్వేన్. "నేను దీపం తీసుకెళ్తేగా? రోడ్డు మీదకి కనబడుతుందని టార్చి బండిలోనే వదిలేసేవాణ్ణి."

"మరి ఎలా తవ్వావు?"

"ఎలా అంటే... చెవితో విని..."

"వెండి ఏదో మేకు ఏదో ఎలా ఏరావు? ఈ పెంకులన్నీ చీకట్లో ఎలా ఏరావు?"

"కనబడేవి," అన్నాడు డ్వేన్. "తవ్విన చోట బాగానే కనబడేది. నేను వెన్నెల అనుకున్—"

అక్కడ ఆగిపోయాడు.

ఇద్దరూ ఆ డబ్బాకేసి చూశారు. అందులో చెయ్యి పెట్టడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

ఆ సాయంత్రమే ఆర్వో మా ఇంటికొచ్చాడు. గుమ్మంలో నిలబడి రోండాకి అంతా చెప్పాడు. తప్పయిపోయిందన్నాడు. రమ్మన్నాడు.

రోండా చివరిదాకా విని, "అయితే వెండి అక్కడే ఉందన్నమాట," అంది. "హిల్యా మొగుడు పట్టుకుపోలేదు."

"లేదు."

"ఊరు ఊరంతా చెప్పినా ఆవిడ నమ్మలేదు. మంచులో చచ్చిపోయింది గానీ నమ్మలేదు. నా గురించి నీకు ఎవరూ ఏమీ చెప్పలేదు ఆర్వో. నువ్వే అనుకున్నావు."

తలుపు మెల్లగానే వేసింది.

ఇప్పటికీ మా వెనకగదిలోనే ఉంటోంది. ఆయన బండి మా వీధిలో కనబడితే కిటికీ తెర దించేస్తుంది. డ్వేన్ ఆ డబ్బా తీసుకెళ్ళి స్థలం సొంతదారు ముసలావిడ గుమ్మంలో పెట్టేసి, ఇల్లు అమ్ముకుని ఎటో వెళ్ళిపోయాడు.

మొన్న రోండా డ్యూటీలో ఉండగా ఆర్వో వచ్చి నా వంటగదిలో కూర్చున్నాడన్నాను కదా. ఇదంతా చెప్పాక, లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు.

"నిన్న రాత్రి అక్కడికెళ్ళాను," అన్నాడు.

"ఎందుకు?"

"ఆవిడ రోండా కాదని ఒక్కసారి సరిగ్గా చూడాలనిపించింది. మొహం చూడాలని. టార్చి తీసుకెళ్ళలేదు. డ్వేన్ తవ్విన చోటే మోకాళ్ళ మీద కూర్చుని తవ్వాను. చీకటి... నా చెయ్యి నాకే కనబడలేదు."

"వచ్చిందా?"

ఆర్వో గోడ గడియారం వైపు చూశాడు.

"వచ్చింది," అన్నాడు. "మంచు మీద అడుగుల చప్పుడు... నా పక్కకొచ్చి ఆగింది. ఊపిరి నా మెడకి తగిలింది. లాంతరు పిడి కిర్రుమనడం కూడా విన్నాను."

"మరి చూశావా?"

"తెల్లారేదాకా తవ్వాను," అన్నాడు ఆర్వో. "పక్కనే నిలబడి ఉంది. నాకు మాత్రం దీపం వెలిగించలేదు."