గుమ్మం మీద పిన్ను

వాచీల షాపులోకి హంతకుడు వెనక గుమ్మంలోంచి వచ్చాడు.

సాయంత్రం నాలుగూ పది. కంటికి భూతద్దం బిగించుకుని రిపేరర్ ఏదో గడియారం లోపలి చక్రం సరిచేస్తున్నాడు. ఆరేళ్ళుగా ఆ వీధికి అతను వాచీల మెకానిక్కే. సీక్రెట్ సర్వీస్‌కు గాడ్జెట్లు తయారుచేసి ఇస్తాడన్న సంగతి తెలిసినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. సైలెన్సర్ బిగించిన పిస్టల్ రెండుసార్లు పొడి దగ్గు దగ్గింది. హంతకుడు వచ్చిన దారినే, తొందర లేకుండా వెళ్ళిపోయాడు. టీ గ్లాసు పట్టుకుని పై మెట్లు దిగుతున్న రిపేరర్ భార్య అతని ముఖం చూసింది. అతను మాత్రం ఆమెను చూడలేదు.

మూడు నెలల తర్వాత, ఒక లాండ్రీ వెనక గదిలో చీఫ్ ఎదుట కూర్చున్నాడు ఏజెంట్ నత్త. కొంపలంటుకున్నా పరిగెత్తని మనిషి కాబట్టి చీఫే పెట్టిన పేరది. చనిపోయిన రిపేరర్ అతని సొంత అన్న.

"నిన్ను ఈ కేసులో పెట్టకూడదు. రూల్స్ ఒప్పుకోవు," అన్నాడు చీఫ్.

"పెట్టకపోతే రాజీనామా ఇచ్చి నేనే వెళ్తాను సర్."

"తెలుసు. అందుకే పెడుతున్నాను. ఉద్యోగంలో ఉంటే కనీసం ఫోన్ ఎత్తుతావు."

గోడ మీద ప్రొజెక్టర్ వెలిగింది. నగరం మ్యాప్. దాని నిండా ఎర్ర పిన్నులు. షాపులు, క్లినిక్కులు, వర్క్‌షాపులు, ఏది ఎక్కడుందో చూపించే వెబ్‌సైట్ అది. జనం పొద్దున లేస్తే దాన్నే చూసుకుని తిరుగుతారు.

"గొడుగు ముఠా. విదేశీ వ్యవహారం," అన్నాడు చీఫ్. "వాళ్ళ హంతకులు ఎవరితోనూ ఫోన్లో మాట్లాడరు, ఎవరి పేరూ తెలుసుకోరు. మనవాళ్ళ చిరునామాలు ఈ సైట్‌లోంచే అందుతున్నాయి. ఎలాగో తెలియదు. అక్కడ మన మనిషి ఒకామె ఉంది. కోడ్‌నేమ్ నెమలి. ఫిల్టర్ల సెక్షన్ హెడ్. నువ్వు లిస్టింగులు సర్దే కొత్త ఎడిటర్‌గా చేరు."

తర్వాత సొరుగులోంచి ఒక పెన్నూ, ఒక చేతి వాచీ తీసి బల్ల మీద పెట్టాడు. "మీ అన్న చేసిన ఆఖరి వస్తువులు. పెన్ను క్యాప్ తిప్పితే సూది వస్తుంది. గుచ్చుకున్నవాడికి ఆరు గంటల నిద్ర. వాచీ కీ నొక్కితే నా మనుషులు పది నిమిషాల్లో నీ దగ్గరుంటారు."

నత్త పెన్నును అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "పేల్చినవాడు నాకు కావాలి సర్. కానీ వాడికి దారి చూపించినవాళ్ళు ముందు కావాలి."

"ప్రాణాలతో," అన్నాడు చీఫ్.

నత్త వాచీ చేతికి కట్టుకుని లేచాడు.

సోడాబుడ్డి కళ్ళద్దాలు, నూనె పెట్టి అణచిన జుట్టు, చేతిలో లంచ్ బాక్స్. ఆ వేషంలో నత్త వెబ్‌సైట్ ఆఫీసు మూడో అంతస్తులో అద్దాల తలుపు తోశాడు. ఎదురుగా మొదటి టేబుల్ దగ్గరే కూర్చుని ఉంది నెమలి. నల్ల సిల్కు చొక్కా, పెదాల మీద ముదురు ఎరుపు. ఆమె తలెత్తితే ఆ హాల్లో సగం కీబోర్డులు ఆగిపోతాయి.

"ఈ మ్యాప్‌లో ఉత్తరం ఎటు మేడమ్?"

"మీరెటు తిరిగితే అటు." కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "మీ అన్నయ్య నాకు తెలుసు. ఆ షాపుకి ఓసారి వెళ్ళాను. చాలా బాధపడ్డాను."

పని నేర్పేటప్పుడు మాత్రం ఆమె మరో మనిషి. "బిల్డింగు నడుమ పిన్ను గుచ్చేసి చేతులు దులుపుకునేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. మనిషి లోపలికెళ్ళేది గోడలోంచి కాదు. పిన్ను గుమ్మం మీద పడాలి. ఒకే షాపు రెండుసార్లు ఎక్కితే కలిపెయ్. పాతదాని చోటు నిలుస్తుంది, రెండిటి ఫిల్టర్లూ దానికే చేరతాయి. ఇంకోటి. నువ్వు చేసినా నేను చేసినా ఏ మార్పైనా గంట కొట్టినప్పుడే సైట్ మీదికొస్తుంది. ఈలోపు తలకిందులుగా తపస్సు చేసినా రాదు."

నత్త తొమ్మిది రోజులు తలవంచుకుని లిస్టింగులు సర్దాడు. ఆస్పత్రుల్లో తేలిన మంగలి షాపును బయటికి లాగాడు. ఈతకొలనుల కింద నమోదైన డ్రైవింగ్ స్కూలును రోడ్డు మీదికి తెచ్చాడు. ఇరుకు సందులో ఉండి 'పార్కింగ్ ఉంది' అని టిక్ పెట్టుకున్న చెప్పుల షాపు ఫొటో చూసి చాలా రోజుల తర్వాత నవ్వాడు.

ఒకరోజు వదిన ఫోన్ చేసింది. హత్య చూసిన ఏకైక సాక్షి ఆమె. డిపార్ట్‌మెంట్ ఆమెను ఈ ఆఫీసుకు రెండు వీధుల అవతల, కొత్త పేరుతో, చిన్న టైలరింగ్ షాపులో దాచింది. సాక్షి ఉందని డిపార్ట్‌మెంట్ అంతటికీ తెలుసు గానీ, ఆ షాపు సంగతి తెలిసింది చీఫ్‌కూ నత్తకూ మాత్రమే.

"మరిదీ, మీ మ్యాప్‌కి కళ్ళు కనపడవా? ప్యాంట్లు కుట్టించుకోవాల్సినవాళ్ళంతా పక్కన సిమెంటు గోడౌన్‌కి పోతున్నారు. పొద్దున్నుంచి ఫోన్లో దారి చెప్పలేక చస్తున్నాను."

ఆమె గొంతులో ఆ పాత విసుగు విని నత్తకు ప్రాణం లేచొచ్చింది. అది తనకిచ్చిన ఏరియా కాకపోయినా ఆ ఒక్క పిన్నునూ జరిపి సరిగ్గా షాపు గుమ్మం మీద పెట్టాడు.

మర్నాడు ఉదయం అతనికి ఎవరూ వాడని ఫిల్టర్లు ఏరి చూపించే పని పడింది. ఫిల్టర్ టిక్ చేస్తే ఆ సదుపాయం ఉన్న షాపులే మ్యాప్ మీద మిగులుతాయి. జాబితా అట్టడుగున ఒకటి కనిపించింది: 'గొడుగు పెట్టుకునే స్టాండ్ ఉంది'. ఏ షాపువాడు అడిగాడు ఇది? టిక్ చేశాడు. నగరమంతా ఖాళీ అయిపోయి ఒకే ఒక్క పిన్ను మిగిలింది.

అది వదిన షాపు.

నత్త కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఆ ఫిల్టర్ పాత చరిత్ర తెరిచాడు. మూడు నెలల కిందట ఒక్కసారి వాడారు, అన్న షాపుకు. ఆరేళ్ళుగా వీధివైపు ఉన్న అన్న పిన్ను ఆ రోజు మూడింటికి వెనక గుమ్మం మీదికి జరిగింది. నాలుగూ పదికి హత్య. ఐదింటికి పిన్ను మళ్ళీ ముందుకు వచ్చేసింది. మార్చినవాళ్ళ పేరు లేదు. పేరు దాచుకునే అధికారం ఆ ఆఫీసులో ఒక్క ఫిల్టర్ల హెడ్ కుర్చీకే ఉంది. ఎవరెవరు ఏ పిన్ను కదిపారో రోజూ చూసే అధికారం కూడా ఆ కుర్చీదే.

అంటే వదిన ఎక్కడుందో నెమలికి చెప్పింది తనే. తన ఏరియా వదిలి, ప్రేమకొద్దీ, ఆ ఒక్క గుమ్మం సరిచేసి మరీ చూపించాడు.

గోడ గడియారంలో పది నలభై. వదిన పిన్ను మీద గొడుగు పది గంటలకు పడింది. అన్న విషయంలోలాగే అయితే గంటా పది నిమిషాల్లో, అంటే పదకొండూ పదికల్లా హంతకుడు వస్తాడు. దాని పక్కనే మరో టిక్: 'మహిళలు నడిపే షాపు'. అక్కడికెళ్ళాక ఎవరిని కాల్చాలో వాడికి చెప్పేది అదే.

నత్త వాష్‌రూమ్‌కి వెళ్ళి ఫోన్ చేశాడు. "వదినా, వాడొస్తున్నాడు. నా తప్పే. షట్టర్ దించి వెనకనుంచి వెళ్ళిపో."

అవతల మిషన్ చప్పుడు ఆగింది. "ఆయన్ని చంపినవాడేనా?"

"వాడే."

"అయితే దించను. షట్టర్ చూస్తే పారిపోతాడు. ఈసారి పారిపోకూడదు. నువ్వేం చేస్తావో చెయ్. నేను కుట్టుకుంటూ ఉంటాను."

ఫిల్టర్ తీసెయ్యడానికి నెమలి అనుమతి కావాలి. కానీ ఒకే షాపు రెండుసార్లు ఎక్కితే కలిపే అధికారం నిన్న చేరినవాడికి కూడా ఉంది. ఆ సైట్‌లో అన్నిటికంటే పాత లిస్టింగ్, ఒకటో నంబర్, ఈ ఆఫీసే. దాని పిన్ను నెమలి తన చేతులారా పెట్టుకుంది: మూడో అంతస్తు, అద్దాల తలుపు, ఎదురుగా మొదటి టేబుల్. నత్త వదిన షాపునూ ఈ ఆఫీసునూ పక్కపక్కన పెట్టి 'ఇవి రెండూ ఒకటే' అని నొక్కాడు. గంట కొట్టడానికి నాలుగు నిమిషాలుంది.

ఆ నాలుగు నిమిషాలూ వదిన ఫోన్లోనే ఉంది. "రోడ్డవతల నిలబడ్డాడు," అంది మెల్లగా. "కొరియర్ చొక్కా వేసుకున్నాడు. ఆ ముఖం చచ్చినా మర్చిపోను. దాటుతున్నాడు." మిషన్ చక్రం తిరుగుతూనే ఉంది. పదకొండు కొట్టింది. "ఆగాడు. ఫోన్ చూసుకుంటున్నాడు. నా బోర్డు వైపు చూశాడు." ఒక ఊపిరి. "వెనక్కి తిరిగాడు. మీ వైపే వస్తున్నాడు మరిదీ. వాణ్ణి వదలకు."

నత్త వాచీ కీ నొక్కి, నింపాదిగా నడిచి నెమలి ఎదుట కూర్చున్నాడు.

"ఒక డౌట్ మేడమ్. మా అన్న షాపుకు గొడుగు స్టాండ్ ఎందుకు పెట్టారు?"

నెమలి చిరునవ్వు చెదరలేదు. "తెలివైనవాడివే. ఆలస్యమైంది గానీ. పదకొండు దాటింది, ఈపాటికి మీ వదిన సంగతి తేలిపోయి ఉంటుంది."

"ఓసారి ఫిల్టర్ వేసి చూడండి."

ఆమె వేసింది. నగరం ఖాళీ అయింది. ఒకే పిన్ను మిగిలింది. దాని కింద చిరునామా చదువుతుంటే ఆమె ముఖంలో రంగు దిగిపోయింది. మౌస్ మీద పడి రెండు లిస్టింగులనూ విడదీసింది. తెర మీద అక్షరాలు వచ్చాయి: 'మీ మార్పు 12:00కు అమలవుతుంది.'

"గుమ్మం మీదే పెట్టాను మేడమ్," అన్నాడు నత్త. "మీరు నేర్పినట్టే."

"వాడికి నేనెవరో తెలియదు." ఆమె మౌస్ వదిలేసింది. "వాడికి చెప్పే దారి కూడా లేదు. ఏదో ఒకటి చెయ్యి. నీకు దండం పెడతాను."

"మా అన్నకి ఆ మాట అనే అవకాశం కూడా రాలేదు."

అద్దాల తలుపు తెరుచుకుంది. కొరియర్ చొక్కా మనిషి ఫోన్‌లో పిన్నును, టేబుల్‌నూ, దాని వెనక ఆడమనిషినీ వరసగా చూసుకున్నాడు. పార్సిల్ కిందినుంచి సైలెన్సర్ బయటికొచ్చింది. నెమలి కళ్ళు నత్త వైపు తిరిగాయి. నత్త చేతిలో పెన్ను క్యాప్ తిప్పి సిద్ధంగా ఉంది. చెయ్యి మాత్రం కదల్లేదు. చీఫ్ మాట గుర్తుంది, అయినా కదల్లేదు. భూతద్దం బిగించుకుని వంగిన అన్న వీపు ఒక్కటే కళ్ళముందు ఉంది. పిస్టల్ ఆమె నుదుటికి జానెడు దూరం దాకా వచ్చింది. వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది.

అప్పుడు గుచ్చాడు.

గుండు పైకప్పులోకి పోయింది. హంతకుడు నెమలి టేబుల్ మీద బోర్లాపడి గురక మొదలుపెట్టాడు. నెమలి కుర్చీలోంచి జారి నేల మీద కూలబడింది. ముఠాలో ఎవరెవరున్నారో, ఏయే పిన్నులు వాళ్ళవో, మెట్ల మీదినుంచి దూసుకొచ్చిన చీఫ్ మనుషులు అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టింది.

చీఫ్ వచ్చి పైకప్పులో రంధ్రం చూశాడు. ఆమె నుదుటి చెమట చూశాడు. నత్తను పక్కకు పిలిచాడు.

"ప్రాణాలతో అన్నాను."

"ఉన్నారు కదా సర్, ఇద్దరూ."

"తలుపు దగ్గరే గుచ్చొచ్చు. టేబుల్ దాకా రానిచ్చావు. అంత ఆలస్యం ఎందుకైంది?"

నత్త పెన్ను క్యాప్ బిగించి, జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నాడు.

"ఆ పేరు పెట్టింది మీరే కదా సర్."