కుబుసం కట్టు

మంగళవారం... అమావాస్య... మధ్యాహ్నం మూడు గంటలు. రాహుకాలం!

మంచుతుఫానుకి జడిసి ఐసెలిన్ ఊరి వీధులు నిర్మానుష్యమైపోయాయి. మంచు కురుస్తూ ఉండగా ఉరమడం ఎక్కడైనా ఉందా? ఆ రోజు ఉరిమింది! పట్టపగలే ఎక్కడో గుడ్లగూబ వికృతంగా కూసింది. ఒక చీరల షాపు కింద బేస్‌మెంటులో, ఆముదపు దీపం వెలుగులో, ఉదయ్ తల దించుకుని కూర్చున్నాడు. ఎదురుగా ముగ్గులో కుంకుమ పూసిన కపాలం... ఆ కపాలం వెనక ముడతలు పడ్డ ముఖంతో పాపయ్య అనే మాంత్రికుడు!

ఉదయ్ చదువుకోనివాడేం కాదు. మందుల కంపెనీలో ఉద్యోగం. మాత్రలు ఎన్నేళ్ళు చెడకుండా ఉంటాయో పరీక్షించే గదుల్లో, గాలిలోని తేమ ఒక్క శాతం అటూ ఇటూ కాకుండా కాపాడటమే అతని పని. అంతటి లెక్కల మనిషి ముగ్గు ముందు గొంతుక్కూర్చున్నాడంటే, దిగులు మనిషి చేత ఎంత పనైనా చేయిస్తుందన్నమాట. భార్య శశికళ ఉద్యోగం వర్జీనియాలో, ఆష్‌బర్న్‌లో. రెండు వారాలకోసారి వచ్చిపోతుంది. ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్‌లో అతనికి తోడు పదిహేడేళ్ళ కూతురు దియ ఒక్కతే. ఆ దియకి కాలిఫోర్నియా కాలేజీలో సీటొచ్చింది. ఆగస్టులో వెళ్ళిపోతుంది. ఆ ఖాళీ ఇల్లు తలచుకుంటేనే ఉదయ్‌కి కాళ్ళూ చేతులూ ఆడడం లేదు.

"తెచ్చావా?" గర్జించాడు పాపయ్య.

దియ దువ్వెనలోంచి తీసిన నాలుగు వెంట్రుకలు, ఆమె పెంచుకునే పాము కిందటిసారి విడిచిన కుబుసం ముక్క. రెండూ కపాలం ముందు పెట్టాడు.

"ఆ పాము మళ్ళీ కుబుసం విడిచే రోజులివి. విడవనివ్వకు! దాని చుట్టూ గాలి ఎండిపోవాలి. పాత తోలు దాన్ని పట్టుకుని ఉన్నంత కాలం నీ కూతురు నీ గడప దాటదు. ఒకటి గుర్తుంచుకో... ఈ సంగతి నీ కడుపులోనే ఉండాలి. నోరు విప్పావో, కట్టు తెగుతుంది. తెగిన కట్టు ఒక ప్రాణం తీసుకునే పోతుంది!"

"ఎవరి ప్రాణం, స్వామీ?"

"నీది కాక నాదా?" అని పాపయ్య వికటాట్టహాసం చేశాడు. "సర్పం బంధయ... చర్మం బంధయ... శ్వాసం బంధయ..." ఆ మంత్రఘోషకి దీపం నీలంగా మారింది. ఉదయ్‌కి లేచి పారిపోవాలనిపించింది గాని లేవలేదు.

దియ పన్నెండో ఏట తెచ్చుకున్న ఆ చిన్న కొండచిలువ పేరు జంతిక. చుట్ట చుట్టుకుంటే అచ్చం జంతికలాగే ఉంటుందని ఆ పేరు. గాజుపెట్టెలో కొబ్బరిపీచు పరిచి, రోజూ నీళ్ళు చల్లి, మీటర్‌లో తేమ అరవైకి తగ్గకుండా చూసుకుంటుంది దియ. తేమ తగ్గితే కుబుసం ఊడదు, కళ్ళ మీది పొర కూడా అంటుకుపోతుంది. ఈ సంగతులన్నీ ఆమెకి నేర్పింది ఎవరనుకున్నారు? ఉదయే!

మర్నాడు దియ స్కూల్ నుంచి రాకముందే, అతను హీటర్ గాలి నేరుగా పెట్టె మీదికి వచ్చేలా తిప్పాడు. జాలీమూత మీద కప్పి ఉన్న అట్టని కనబడకుండా వెనక్కి జరిపాడు. గంటలో తేమ ఇరవై రెండుకి దిగింది. అప్పుడు... మీటర్‌ని తీసి, ఉన్నదానికంటే ముప్ఫై ఎనిమిది ఎక్కువ చూపేలా మార్చేశాడు! ఆఫీసులో ఎవరైనా ఆ పని చేస్తే ఆ పూటే ఇంటికి పంపించేవాడు. అద్దంలో తన ముఖం చూసుకోవడానికి అతనికి సిగ్గేసింది.

మీటర్ అరవై చూపిస్తోంది కదా అని దియ నీళ్ళు చల్లడం తగ్గించింది. జంతిక కళ్ళు పాలనీలంగా మసకబారాయి. వారంలో తేటపడాల్సిన కళ్ళు తేటపడలేదు. ఒళ్ళంతా బూడిదరంగు తిరిగి, రాళ్ళకి ముక్కు రాసుకుని రాసుకుని అలిసిపోయింది.

అంతటితో ఆగిందా? లేదు! అయిదో రోజుకి దియ చేతులు బీటలు వారాయి. ఎనిమిదో రోజుకి ఆమె కళ్ళ మీద సన్నటి నీలిపొర! డాక్టర్ చలికాలం ఎలర్జీ అని ఏదో ఆయింట్‌మెంట్ రాసిచ్చింది. బూట్లు వేసుకుని బయల్దేరుతుంది, గుమ్మం దగ్గర కాళ్ళు బిగుసుకుపోయి కూలబడుతుంది. కూతురు ఇల్లు కదలడం లేదు. కోరుకున్నదే జరిగింది గాని, అతను కంచం ముందు నుంచి సగంలోనే లేచిపోతున్నాడు.

పదో రోజు మధ్యాహ్నం మళ్ళీ మంచు... మళ్ళీ ఉరుము! దియ తడుముకుంటూ వంటింట్లోకి వెళ్ళి, చిన్న మూతలో ఉప్పు తడిపి, మీటర్‌తో పాటు జిప్ కవర్‌లో పెట్టి మూసింది. తడి ఉప్పు దగ్గర తేమ ఎప్పుడూ డెబ్బై అయిదే ఉంటుంది; మీటర్ నిజం చెబుతోందో లేదో తేల్చే పరీక్ష అది. సాయంత్రానికి కవర్ పట్టుకుని తండ్రి దగ్గరికి వచ్చింది.

"నాన్నా, నంబర్స్ నాకు బ్లర్‌గా ఉన్నాయి. నువ్వు చదువు ప్లీజ్."

అంతకు మించి చూపలేక మీటర్ తొంభై తొమ్మిది దగ్గర కొట్టుకుంటోంది. ఉదయ్ కవర్‌ని తన వైపు తిప్పుకున్నాడు.

"డెబ్బై అయిదు" అన్నాడు.

"ఓ... మీటర్ కరెక్టే అయితే. సో నేనే ఏదో తప్పు చేశాను." దియ గాజుపెట్టె మీద చెయ్యి వేసింది. "సారీ, జంతికా. ఐ యామ్ సో సారీ."

ఆ మాట ఉదయ్ గుండెలో దిగబడింది. అంతటి సిగ్గు అతను పుట్టి బుద్ధెరిగాక పడలేదు.

సరిగ్గా అప్పుడే... దియ వెనక్కి విరుచుకుపడింది! నేల మీద పాములా మెలికలు తిరిగింది. "స్స్... స్స్..." ఆమె నోటి నుంచి బుస! ఉదయ్ ఫోన్ దానంతటదే మోగి, దానంతటదే వెలిగింది. అందులో పాపయ్య! ముడతలేవీ? ఇరవై ఏళ్ళ కుర్రాడిలా నిగనిగలాడుతోంది ఆ ముఖం!

"నీ కూతురి చర్మం నాకు చక్కగా సరిపోయిందిరా! ఇక ఏ గడపా దాటదు... హహహ!"

నోరు విప్పితే చావు. విప్పకపోతే కూతురు లేదు. ఉదయ్ దియ తలని ఒళ్ళోకి తీసుకున్నాడు.

"నోర్ముయ్! చస్తావ్!" ఫోన్‌లో పాపయ్య కేక.

"దియా, తప్పు నీది కాదమ్మా! నాది! మీటర్ మార్చింది నేను. హీటర్ తిప్పింది నేను. నువ్వెళ్ళిపోతావని, నన్నొక్కణ్ణి చేసి వెళ్తావని... ఈ దుర్మార్గుడి కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఇందాక కూడా అబద్ధమే చెప్పాను. అది తొంభై తొమ్మిది చూపించింది!"

కళ్ళు మూసుకుని చావు కోసం ఎదురుచూశాడు. ఫెళఫెళారావంతో పిడుగు... కిటికీలు అదిరాయి. చావు రాలేదు! ఆర్తనాదం మాత్రం ఫోన్‌లోంచి వచ్చింది.

ఉదయ్ ఫోన్‌ని చొక్కా జేబులో పడేసి, దియని భుజాన వేసుకుని, ఒక చేత్తో జంతికని పట్టుకుని బాత్రూమ్‌లోకి పరిగెత్తాడు. వేడినీళ్ళు తిప్పాడు. తడి తువ్వాళ్ళ మధ్య జంతికని వదిలాడు. గది ఆవిరితో నిండిపోయింది... ఆ ఆవిరిలో, గోడ మీద, పైకప్పునంటే పడగనీడ లేచింది! సాక్షాత్తూ నాగరాజు! తన జాతిని చర్మంలో బంధించినవాడి మీద ఆగ్రహించి వచ్చాడు!

జంతిక ముక్కు దగ్గర తోలు చిట్లింది. నెమ్మదిగా, మేజోడు తిరగేసినట్టు, కళ్ళపొరలతో సహా కుబుసం ఒక్క ముక్కగా ఊడి వచ్చింది. జేబులో ఫోన్ పొలికేక పెట్టింది. ఉదయ్ తీసి చూశాడు. పాపయ్య ఎండి, బిగిసి, పగిలి... తన తోలులో తానే ఊపిరాడక కొట్టుకుని... కపాలం మీద ఖాళీ కుబుసమై కుప్పకూలాడు! తెర నల్లబడింది. కట్టు తీసుకున్న ప్రాణం కట్టినవాడిదే.

దియ కళ్ళు తెరిచింది. తేటగా ఉన్నాయి. అంతా విన్నానన్నట్టు తండ్రి వైపు చూసింది. ఆ రాత్రి శశికళకి ఫోన్ చేసి ఉదయే అన్నీ చెప్పుకున్నాడు.

ఆగస్టు వచ్చింది. హాస్టల్లో పాముల్ని ఉంచనివ్వరు.

"నేను చూసుకుంటాను, తల్లీ" అన్నాడు ఉదయ్.

"వద్దు నాన్నా. హంసిక ఆంటీని అడిగాను" అంది దియ. అతను తలూపాడు. వాదించే ముఖం అతనికి లేదు.

ఇద్దరూ గాజుపెట్టె మోసుకుని కింద ఫ్లాట్‌కి దిగారు. తలుపు తీసిన హంసిక ఆశ్చర్యపోయింది. "అదేంటండీ! ఈ తేమ లెక్కలన్నీ మీ ఉద్యోగమే కదా? మీరు ఇంట్లో ఉండగా మా దగ్గరెందుకు?"

ఎలర్జీ అనొచ్చు. ఆఫీసులో పని ఎక్కువనొచ్చు. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"దీన్ని నేను ఎండగట్టి చంపబోయానండీ" అన్నాడు ఉదయ్. "తెలిసే చేశాను."

హంసిక నవ్వబోయి ఆగిపోయింది. ఉదయ్ తల ఎత్తలేకపోయాడు. పెట్టెకి రెండోవైపు పట్టుకున్న దియ, "మెల్లగా నాన్నా, గడప ఉంది" అంది.