మార్కులు ముందా, బోరు ముందా?

ఫిల్మ్‌నగర్ ప్రివ్యూ థియేటర్ మెట్ల మీద నవత సర్వే కాగితాలు సర్దుకుంటుంటే, లోపల ఆడుతున్న కొత్త సినిమా డైలాగ్ రైటర్ ఓంప్రకాష్ విసురుగా వచ్చాడు.

"ఏందండీ గిది? ఫస్ట్ క్వశ్చనే 'ఏ సీన్ బోర్ కొట్టింది?' అనా?"

"ప్రేక్షకుల అభిప్రాయం తెలియాలి కదండీ."

"బోరంతా గుర్తు చేసి ఆఖర్న మార్కులెయ్యమంటే ఎవరేస్తరు? అత్తగారి తప్పులన్నీ చెప్పించి, అత్తగారు మంచిదేనా అని అడిగినట్టుంది!"

నవత నవ్వు ఆపుకుంది. సర్వే కంపెనీలో చేరాక తను సొంతంగా తయారుచేసిన మొదటి ప్రశ్నపత్రం అది.

"మార్కులు ముందడిగితే మొహమాటానికి వేసేస్తారండీ," అంది బింకంగా.

మార్కులు తక్కువే వచ్చాయి. దాంతో, కొందరు బోరన్న సీను, హీరోయిన్ తండ్రి బస్టాండులో కూతురితో మాట్లాడేది, తీసేద్దామన్నారు నిర్మాత సుబ్రహ్మణ్యం. ఓంప్రకాష్ ప్రాణం పెట్టి రాసిన సీను అదొక్కటే. అతని ముఖం చూశాక నవతకు అన్నం సహించలేదు.

మరో షో వేయించింది. సగం మందిని మార్కులు ముందు అడిగింది, సగం మందిని బోరు ముందు అడిగింది. వారం పోయాక అందరికీ ఫోన్ చేసి, మార్కులు మాత్రం మళ్ళీ అడగాలి. ఎవరి మాట నిలకడగా ఉందో అప్పుడు తెలుస్తుంది.

"నేను గూడ వస్త. మీరు మోసం చేస్తే?" అన్నాడు ఓంప్రకాష్.

జూబ్లీహిల్స్‌లోని సర్వే కంపెనీ ఆఫీసులో, కిటికీ అవతల వాన దంచుతుంటే, ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని ఫోన్లు చేశారు. షో చూసినవాళ్ళలో ఒకామె, షేక్‌పేట భూలక్ష్మి, ఎదురు ప్రశ్న వేసింది.

"మార్కులు తర్వాత చెప్త గానీ, గా పక్కన నవ్వుతున్న పిలగాడెవరమ్మా? పెండ్లయిందా?"

స్పీకర్ ఆన్‌లో ఉంది.

"కాలేదమ్మా!" అని ఓంప్రకాషే అరిచాడు. నవత చెవులు ఎర్రబడ్డాయి.

సాయంత్రానికి లెక్క తేలింది. మార్కులు ముందు వేసినవాళ్ళు మళ్ళీ దాదాపు అవే చెప్పారు. బోరు ముందు రాసినవాళ్ళు మాత్రం, ఆ చిరాకు చల్లారాక, బాగా ఎక్కువ వేశారు.

నవత నేరుగా నిర్మాత దగ్గరికి వెళ్ళింది.

"నా ప్రశ్నల వరసే తప్పు సార్. ఆ మొదటి మార్కులు నమ్మకండి."

సుబ్రహ్మణ్యం కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "తప్పని నువ్వే వచ్చి చెబుతున్నావంటే నిన్ను నమ్మొచ్చమ్మా," అని సీను ఉంచేశారు.

బయట నిర్మాత ఆఫీసు పోర్టికోలో ఓంప్రకాష్ దిగాలుగా నిలబడి ఉన్నాడు.

"సీను ఉంచారుగా! ఇంకేంటండీ?"

"సీనుంది. ఫోన్లే అయిపోయినయ్. రేపటి సంది మీ ఆఫీసుకు ఏమని చెప్పి రావాలె?"

నవత గొడుగు విప్పి, సగం అతని మీదికి జరిపింది.

"నాకోసమని చెప్పి రండి."

ఓంప్రకాష్ గొడుగు కిందికి వచ్చాడు. నెమ్మదిగా అడిగాడు:

"పొద్దుగాలనే రావొచ్చా?"