తోకబండి

అమెరికాలోని ఐడహో కొండల్లో ఆగస్టు చివరి వారాంతం. ఉత్తరాన ఎక్కడో అడవి తగలబడుతోంది. ఆ పొగ లోయల నిండా పేరుకోవడంతో సాయంత్రపు ఎండ తుప్పురంగుకి తిరిగింది. మట్టిరోడ్డు మొదట్లో మూడు జీపులు ఆగాయి. కొండదారి ఎక్కేముందు అందరూ చేసే పనే వాళ్ళూ చేస్తున్నారు. రాళ్ళని మెత్తగా పట్టుకోవాలని చక్రాల్లో గాలి తగ్గిస్తున్నారు.

డెల్లా తన బండి చక్రం పక్కన గొంతుక్కూర్చుంది. గాలి బుస్సుమని పోతోంది. చెవులు మాత్రం గార్త్ మాటలమీదే ఉన్నాయి.

"ముందు నేను, నా వెనక బ్రిన్. అందరికన్నా వెనక, తోకబండి డెల్లా."

డెల్లా తలెత్తింది. "నేనా? తోకా?"

"బ్రిన్‌కి ఈ దారి కొత్త కదా, మధ్యలో ఉంటే ధైర్యంగా ఉంటుంది. తోకకి నమ్మకమైన మనిషి కావాలి. నీకన్నా ఎవరున్నారు చెప్పు?"

పదవి ఊడబెరికి శాలువా కప్పడమంటే ఇదే. రెండు వేసవులుగా గార్త్ జీపు వెనక దుమ్ము తిన్నది డెల్లా. అతని బ్రేకు దీపం వెలిగే తీరునిబట్టి ముందు గుంట ఉందో, రాయి ఉందో చెప్పగలిగేది డెల్లా. దాన్ని ప్రేమ అని గార్త్ ఎన్నడూ అనలేదు. కాదనీ అనలేదు. ఇప్పుడు ఆ దుమ్ము, జూన్‌లో వచ్చిన బ్రిన్ తింటుందట. దుమ్ముకి కూడా కుళ్ళుకోవాల్సిన రోజు వస్తుందని ఎవరనుకుంటారు?

"నీ బండి ముసలమ్మలా మూలుగుతోంది డెల్లా! పింఛను ఇప్పించరాదూ?" అని నవ్వింది బ్రిన్.

గార్త్ కూడా నవ్వాడు. ఫ్యాన్ బెల్టు వదులైతే ఏ బండైనా కీచుమంటుంది. బిగించి ఇస్తానని మే నెలనుంచీ చెబుతున్నది గార్తే. బ్రిన్ జీపు కిందైతే మొన్న ఆదివారం పొద్దంతా పడుకుని పనిచేశాడు.

బండ్లు కదిలాయి.

ఈ కొండల్లో తిరిగేవాళ్ళకి ఒక నియమం ఉంది. ఎవరి వెనకబండికి వాళ్ళదే పూచీ. దారి చీలిందంటే ఆగాలి. వెనకబండి దీపాలు అద్దంలో కనపడేదాకా కదలకూడదు. చీకటి పడనీ, వాన రానీ, కదలకూడదు. బ్రిన్‌కి ఈ నియమం నేర్పింది డెల్లానే. బ్రిన్ శ్రద్ధగా తలూపింది కూడా.

సగం కొండ ఎక్కాక రేడియోలో గార్త్ గొంతు వినపడింది. "బ్రిన్, నేను ముందెళ్ళి చోటు పట్టుకుంటా. ఆలస్యమైతే ఎవరో ఒకరు టెంటు పాతేస్తారు. నువ్వు చీలిక దగ్గర డెల్లా కోసం ఆగు. ఎటు తిరగాలో తను చెబుతుంది."

"అలాగే. నియమం నియమమే," అంది బ్రిన్.

డెల్లా వేగం తగ్గించింది. చీలికకి ఇంకా దూరం ఉండగానే, ఎడంపక్క పొదల వెనక ఎండిపోయిన వాగు ఒకటుంది. అందులోంచి పోతే నేరుగా క్యాంపు. ఆ అడ్డదారి గార్త్‌కీ తనకీ తప్ప ఎవరికీ తెలీదు. రేడియో కట్టేసింది. స్టీరింగు తిప్పింది.

ఏం తప్పు? ఒక్క గంట గార్త్‌తో ఒంటరిగా కూర్చోవడం తప్పా? బ్రిన్ కాసేపు అక్కడ కాళ్ళు బారజాపుకుని ఉంటే కొంపలేం మునగవు. అడిగితే, 'చీలిక దగ్గర లేదు, కంగారుపడి ఎటో పోయింది' అంటే సరి. మూణ్ణెల్ల మనిషి మాటా, రెండేళ్ళ మనిషి మాటా, ఏది చెల్లుతుంది? అసూయ దగ్గర వాదనలకి కరువుండదు.

వాగులో వెలుతురు త్వరగా చచ్చిపోయింది. రెండువైపులా పైన్ చెట్లు, వాటి మధ్య పొగ. పిట్ట లేదు. పురుగు లేదు. బూడిద వాసనలో ఏదో తడి వాసన కలిసింది. పాత బావి మూత తీస్తే వచ్చేలాంటిది. ఇంత ఎండిన అడవిలో తడెక్కడిది?

ఒక పెద్ద బండరాయి అడ్డొచ్చింది. ఎలా దాటాలో చూద్దామని ఇంజను ఆపి దిగింది.

అప్పుడు వినపడింది... కీచుమంటూ.

తన బండి చప్పుడే. తన బండి ఆగి ఉంది.

ఆ చప్పుడు చెట్ల అవతలనుంచి వస్తోంది. చీలికకి పోయే రోడ్డు అటే. మెల్లగా, తొందరేమీ లేనట్టు, ఎక్కుతూ ఎక్కుతూ దూరమైపోయింది.

కొండ ప్రతిధ్వని, అనుకుంది డెల్లా. ఆగిపోయిన బండికి ప్రతిధ్వని ఏమిటని తనని తాను అడగలేదు.

రాయి పక్కనుంచి బండి ఎక్కించి క్యాంపు చేరేసరికి గార్త్ జీపు తలుపు తీసి ఉంది, మనిషి లేడు. కార్చిచ్చుల రోజులు కాబట్టి నెగడు వెయ్యకూడదు. గ్యాసు పొయ్యిమీద బీన్స్ ఉడుకుతున్నాయి. నీళ్ళ డబ్బా కనపడలేదంటే ఊట దగ్గరికి దిగి ఉంటాడు. డెల్లా జుట్టు సర్దుకుంది.

గార్త్ జీపులో రేడియో గరగరలాడింది. బ్రిన్ గొంతు.

"గార్త్? డెల్లా వచ్చేసింది. నా వెనకే ఉంది."

డెల్లా జీపు తలుపు దగ్గరికి వెళ్ళింది.

"తన రేడియో చెడిపోయినట్టుంది, పలకట్లేదు. టార్చి ఊపుతోంది. ఎడమకి తిరగమంటోంది. ఎడమకేనా?"

ఎడమ దారి పాత దుంగల వంతెనకి పోతుంది. ఆ వంతెన వసంతంలో సగం కూలిపోయింది.

మైకు చేతికందే దూరంలో ఉంది. ఒక్క మాట చాలు. కానీ ఆ మాట అంటే, 'నేనక్కడ లేను, నిన్ను వదిలేసి వచ్చాను' అన్నట్టే. గార్త్ వింటాడు. రెండేళ్ళ నమ్మకమైన మనిషి సంగతి బయటపడుతుంది. వెనకున్నది వేరెవరో అయ్యుంటారు... వంతెన కనపడితే తనే ఆగుతుందిలే... చిన్నపిల్లేం కాదు...

"సరే, ఎడమకే పోతున్నా," అంది బ్రిన్.

వెనక అడుగులు వినపడ్డాయి. గార్త్ డబ్బా దించాడు. "వచ్చేశావా! బ్రిన్ ఏదీ?"

"చీలిక దగ్గర లేదు." అబద్ధం ముందే సిద్ధంగా ఉంది కాబట్టి తడుముకోలేదు.

రేడియో మళ్ళీ పలికింది. ఈసారి గుసగుసలా.

"డెల్లా... ఎందుకు దిగావు? దీపాలెందుకు ఆర్పేశావు?"

గార్త్ రేడియో వైపు చూశాడు. తర్వాత డెల్లా వైపు.

"డెల్లా, ముందు రోడ్డు లేదు... వద్దు... వద్దు డెల్లా..."

రేడియోలో ఆ మాటల వెనక కీచుమంటున్న చప్పుడు. చక్రాలు కంకరమీద ఈడ్చుకుపోతున్న చప్పుడు.

డెల్లా మైకు లాక్కుంది. "బ్రిన్! అది నేను కాదు! నేను క్యాంపులో ఉన్నా. నిన్ను కావాలనే వదిలేశాను. విన్నావా? కావాలనే! అది నేను కాదు!"

రేడియో పలకలేదు. గార్త్ పొయ్యి ఆర్పి జీపు ఎక్కాడు. "ఎడమ దారి... పాత వంతెన," అంటూ డెల్లా పక్కన ఎక్కింది.

ఇద్దరూ వంతెన వైపు కొండ దిగారు. వంతెన దగ్గర బ్రిన్ బండి ముందు చక్రాలు గాలిలో వేలాడుతున్నాయి. అడుగుభాగం ఒక దుంగకి చిక్కుకుని ఆగింది. వెనక తలుపులోంచి పాక్కుంటూ బయటపడ్డ బ్రిన్, రోడ్డు మధ్య మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. బతికే ఉంది. డెల్లాని చూడగానే కెవ్వుమని అరిచి గార్త్ వెనక నక్కింది.

"దాన్ని నా దగ్గరికి రానివ్వకు!"

"బ్రిన్, తను నాతోనే ఉంది. క్యాంపులో నా పక్కనే..."

"అద్దంలో దాన్ని చూశాను గార్త్. బ్రేకు మీద రెండు కాళ్ళూ పెట్టి నిలబడ్డా బండి జరుగుతూనే ఉంది. ఏడుస్తోంది. ఏడుస్తూ రెండు చేతుల్తో నా బండిని నెడుతోంది. నన్ను క్షమించు, క్షమించు అంటూనే నెడుతోంది..."

"మరి ఎలా ఆగింది?"

"రేడియోలో దాని గొంతే వినపడింది. అంతే, వదిలేసింది."

రోడ్డుమీద బ్రిన్ చక్రాలవీ, ఇప్పుడొచ్చిన గార్త్ జీపువీ తప్ప మరో బండి గుర్తులు లేవు. గార్త్ వంగి చూశాడు, చాలాసేపు చూశాడు. తర్వాత గొలుసు తీసి బ్రిన్ జీపు కిందికి దూరాడు.

"టార్చి పైకెత్తి పట్టుకో," అన్నాడు. డెల్లా అని పిలవలేదు.

ఎత్తబోయింది. చేతులు లేవలేదు. మణికట్ల నుంచి భుజాలదాకా నరాలు తెగిపోతున్నట్టు నొప్పి. బురదలో దిగబడ్డ బండిని సత్తువంతా పెట్టి నెట్టాక వచ్చే నొప్పి. చెంపలమీద చల్లగా ఏదో తగిలితే ముఖాన్ని భుజానికి రుద్దుకుంది.

తడి.

ఎప్పుడు ఏడ్చిందో గుర్తులేదు.