అద్దం కింద చుక్కలు

పింఛన్ల ఆఫీసు మూడో అంతస్తు వరండాకు మంచి పేరు లేదు. పొద్దు వాలితే అక్కడ ఎవరో గోళ్లతో గీకుతూ తిరుగుతారని చెప్పుకుంటారు. భవనానికి కొత్త హంగులు దిద్దాకే ఇది మొదలైంది. మా రోజుల్లో ఆఫీసుల్లో దారి తప్పితే మనిషిని అడిగేవాళ్లం, మనిషి విసుక్కునేవాడు, అయినా చెప్పేవాడు. ఇప్పుడు ప్రతి తలుపు పక్కనా పలక. చూపులేనివాళ్లు వేలితో తడిమి చదువుకునేలా దానిమీద ఉబ్బెత్తు చుక్కలు. సరే, అసలు సంగతికొస్తాను.

అక్కడ గుమాస్తాగా చేసిన మా బావమరిది చెప్పింది ఇది.

ఆరోజు ఆఖరి గడువు. పింఛనుదార్లు ఏడాదికోసారి స్వయంగా వచ్చి, బతికే ఉన్నామని నిరూపించుకోవాలి. ఆఫీసు మూసేలోగా రానివాళ్లు చచ్చినట్టే లెక్క. సాయంత్రం కరెంటు పోయింది. తోటివాళ్లు ఇళ్లకు జారుకున్నారు. మావాడొక్కడే కిటికీ వెలుతురులో కూర్చుని, రానివాళ్లను రిజిస్టరులో వరసగా చంపుతున్నాడు.

అప్పుడు వినిపించింది... కీచ్... కీచ్...

గాజుమీద గోళ్లు.

ఒక తలుపు దగ్గర ఆగింది. మళ్లీ పక్క తలుపు దగ్గర — ఇంకా దగ్గరగా...

మావాడు చప్పుడు కాకుండా గడియ పెట్టాడు. ధైర్యస్థుడే, కౌంటరుకు ఇవతల ఉన్నంతసేపు. బల్ల కిందకు దూరాడు.

కీచుమన్న చప్పుడు అతని గది పక్కనే ఆగింది. తర్వాత తలుపు మీద ఒక అరచెయ్యి... మెత్తగా...

"లోపల ఎవరైనా ఉన్నారా నాయనా?"

మావాడు బల్ల కింద ఇంకా లోపలికి జరిగాడు. కింద వాచ్‌మన్ మూసేవేళ గంట కొట్టాడు.

"పొద్దుట్నించీ తిరుగుతున్నాను. గది ఎక్కడని అడిగితే, చుక్కలున్నాయిగా చదువుకోండి అన్నారు. ఎక్కడ తడిమినా అద్దమే తగులుతోంది..."

దెయ్యాలకు ఇంత ఓపిక ఉండదనిపించి మావాడు తలుపు తీశాడు. తెల్ల చేతికర్రతో ఒక ముసలి సంగీతం మాస్టారు.

చేతులు పడితే ఖరీదైన పలకలు మాసిపోతాయని, ప్రారంభోత్సవానికి ముందు పైఅధికారి అన్నిటికీ అద్దాలు బిగించమన్నాడట. బిగించారు. ఫొటోల్లో బ్రహ్మాండంగా మెరిశాయి.

తాను బతికే ఉన్నానని రాసుకోమన్నారు మాస్టారు. భయం తీరేసరికి మావాడిలో గుమాస్తా నిద్రలేచాడు. గంట కొట్టేశారు, రేపు రండి పెద్దాయనా, అన్నాడు.

మాస్టారు ముందుకు వంగారు. చీకట్లో ఆయన మొహం కనపడలేదు.

"రేపటికి నీ లెక్కలో నేను దెయ్యాన్నే కదా నాయనా," అన్నారు గుసగుసగా. "ఇక తలుపు వెతుక్కోవక్కర్లేదు... గోడలోంచే వచ్చేస్తాను."