నెల రోజుల ఉచిత కుటుంబం

ముందే ఒప్పేసుకుంటున్నాను. మా ఇంట్లో నా హోదా ఏమని నమోదైందో నేనింకా చూసుకోలేదు. తనూజకు జరిగింది విన్నాక యాప్ తెరవబుద్ధి కాలేదు.

2061 నాటికి విశాఖలో రేషన్ కార్డులు, పెళ్ళి రిజిస్టర్లు, కుటుంబ ధ్రువపత్రాలు ఏవీ మిగల్లేదు. వాటిని నిర్వహించలేక ప్రభుత్వం ఒక సరుకుల డెలివరీ కంపెనీ దగ్గర రెడీమేడ్‌గా ఉన్న ‘కుదురు’ అనే డేటా ప్రోడక్ట్‌ను కొనేసింది. ఏ ఇంటికి ఏ సబ్బు అమ్మాలో తేల్చుకోవడానికి కంపెనీ కట్టుకున్న లెక్క అది. ప్రభుత్వం దానిమీద తన ముద్ర వేసింది, అంతే.

ఆ లెక్కకు గుండెకాయ ‘బంధసూచి’ అనే అల్గారిదమ్. దాన్ని ప్రభుత్వ అవసరాలకు మలిచిన ఇంజనీర్లలో తనూజ ఒకతె. సూత్రం తేలిక. తను తినని, తను వాడని వస్తువును ఇంట్లో ఇంకొకరి కోసం పదే పదే కొనే మనిషి, ఆ ఇంకొకరికి కుటుంబం. ఎవరి సరుకులు వాళ్ళు కొనుక్కుంటే రూమ్మేట్లు.

ఒక మంగళవారం మధ్యాహ్నం ఆమె భర్త ఫణీంద్ర ఆఫీసులో కడుపు పట్టుకుని కూలిపోయాడు. పేగు మెలిపడింది, వెంటనే ఆపరేషన్ చేయాలన్నారు డాక్టర్లు. స్పృహలో లేనివాడి తరఫున కుటుంబ సభ్యులు సంతకం చేయాలి. తనూజ ఆస్పత్రి కౌంటర్లో వేలిముద్ర వేసింది.

“మీరు రూమ్మేట్ అని వస్తంది మేడమ్,” అంది కౌంటర్లో ఉన్న పైడితల్లి.

“మా పెళ్ళయి తొమ్మిదేళ్ళు.”

“అయ్యుండొచ్చు. పాత రికార్డులు తీసేసారు కదేటి. మరి నానేటి సెయ్యను?”

తనూజ తన టీమ్‌లోని షాహిదాకు ఫోన్ చేసింది. “నన్ను రూమ్మేట్ అంటోంది. ఓవర్‌రైడ్ ఇచ్చి మార్చవే. డాక్టర్లు ఆగిపోయున్నారు.”

“ఆ బటన్ లేదు కదే. పెడితే అందరూ నొక్కుతారని తీయించింది నువ్వే.” షాహిదా గొంతు తగ్గించింది. “ఆయన కోసం ఈమధ్య ఏదైనా కొన్నావా? ఒక్కటి చెప్పు, వెతికి పట్టుకుంటా.”

తనూజ ఆలోచించింది. ఇంట్లో రెండు షిఫ్టులు, యాప్‌లో రెండు కార్టులు, ఫ్రిజ్‌లో రెండు అరలు. మాకు గొడవలే ఉండవని అందరికీ గొప్పగా చెప్పేది.

“గుర్తు రావట్లేదే.”

కౌంటర్ స్క్రీన్ మీద రంగుల బాక్స్ ఒకటి విచ్చుకుంది. ‘కుదురు ప్లస్‌తో ఇప్పుడే కుటుంబ సభ్యులవ్వండి. మొదటి నెల ఉచితం.’

“నొక్కీండి మేడమ్. శానామంది అదే నొక్కుతారు,” అంది పైడితల్లి.

తనూజ నొక్కింది. భార్య అయింది. సంతకం చెల్లింది.

సాయంత్రానికి గండం గడిచిందన్నారు. ఆమెకు ఏడుపు రాలేదు, సంతోషమూ రాలేదు. వచ్చి కౌంటర్ ఎదుటి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది.

“ఇన్నాళ్ళూ ఇద్దరం రూమ్మేట్లమన్నమాట,” అంది.

పైడితల్లి స్క్రీన్ మీద ఇద్దరి పేర్లూ అటూ ఇటూ మార్చి చూసింది. “నేదు మేడమ్. మీరే లోపలుంటే ఆయన సంతకం సెల్లిపోద్ది. ఆయన మీకు ఫ్యామిలీయే. కాకరకాయ చిప్సంట, వారం వారం మీకోసం కొంతన్నారు. ఆయన తినరేటి?”

“చేదు ముట్టడు.”

ఇంట్లో తను తినే ఆ చిప్స్ డబ్బా ఖాళీగా ఉన్న రోజు తనూజకు గుర్తులేదు. తన కార్టే ఆటోమేటిగ్గా తెప్పిస్తోందనుకుంది. ఆ మాటకొస్తే, అనుకోనూ లేదు.

ట్రయల్ అయిపోయేలోపు ఆయనకు ఇష్టమైనదేదో, తను తిననిదేదో కొనడం మొదలుపెట్టాలి. ఫోన్లో సరుకుల యాప్ తెరిచింది. ‘ఏం కావాలి?’ అని అడిగింది సెర్చ్ బాక్స్. వేలు అక్షరాల మీద అలాగే ఉండిపోయింది. కాసేపటికి స్క్రీన్ ఆరిపోయింది. తాకితే మళ్ళీ అదే ప్రశ్న.

మీరైతే ఏం టైప్ చేసేవారు? మీ ఇంట్లోవాళ్ళ కోసం, మీరు ముట్టని వస్తువు చివరిసారి ఏం కొన్నారో నాకు రాసి పంపండి. గుర్తు రాకపోయినా రాయండి.