నాలుగో అంశంతో పెళ్లి

"నాలుగో అంశంతో మాకు పెళ్లి ఉంది."

ఎస్టోనియా రాజధాని టాలిన్‌లో రెండు దేశాల వాళ్లం ఎదురెదురుగా కూర్చున్న బల్ల దగ్గర, ఎస్టోనియన్ భాషలో నేనన్న మొదటి మాట ఇదీ. నా పేరు ఆర్ని. ఫిన్లాండ్ తరఫున అక్కడ వాణిజ్య వ్యవహారాలు చూసేవాణ్ణి. రెండు భాషలూ అక్కచెల్లెళ్లే కదా అని నాలుగు నెలల్లో నేర్చేసుకున్నానన్న పొగరు ఒకటి నాకు. మా ఫిన్నిష్‌లో పుల్మా అంటే చిక్కు. వాళ్ల ఎస్టోనియన్‌లో అదే మాటకి పెళ్లి అని అర్థం. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు.

బల్లకి అటూ ఇటూ అందరూ పగలబడి నవ్వారు. నవ్వనిది ఒక్కతే, వాళ్ల దుబాసీ. పేరు లీలో.

"శుభాకాంక్షలు," అంది కాగితాల్లోంచి తలెత్తకుండా. "పెళ్లెప్పుడు?"

"చిక్కు అనబోయానండీ..."

"తెలుసు. నాలుగో అంశం మీవాళ్లకి ఎప్పుడూ చిక్కేగా."

నాలుగో అంశం అంటే మేం చర్చిస్తున్న కార్మిక ఒప్పందంలో ఒక్క వాక్యం. ఎస్టోనియా నుంచి మా దేశానికి పనికొచ్చిన మనిషి ఇంట్లో ఆపద వస్తే, కాంట్రాక్టరు అతన్ని ఆ రోజే ఓడ ఎక్కనివ్వాలి. సోమవారం వెళ్లి శుక్రవారం తిరిగొచ్చే వాళ్లు ఎంతమందో! మా కాంట్రాక్టర్లు మాత్రం ససేమిరా అన్నారు. పని మధ్యలో ఆగిపోతుందట. ఆ వాక్యాన్ని తీసేయించడమే నా ఉద్యోగం.

సాయంత్రం బయటికొస్తే జోరున వాన. లీలో మెట్ల మీద నిలబడి ఉంది. గొడుగు లేదు.

"రండి, ట్రామ్ దాకా దింపుతాను."

"ఈ గొడుగు వెనక దౌత్యం ఏమైనా ఉందా?"

"లేదండీ. ఇందులో ఏ పెళ్లీ లేదు."

ఆమె పెదవి చివర నవ్వొచ్చింది. వెంటనే ఆపేసుకుంది.

"భాష తప్పినందుకే అంత కోపమా?" అన్నాను నడుస్తూ.

"భాష ఎవరికైనా తప్పుతుంది. మా నాన్న పద్దెనిమిదేళ్లు మీ దేశంలో గోడలు కట్టారు. శుక్రవారం వస్తే చాలు, అమ్మ నా చెయ్యి పట్టుకుని రేవులో నిలబడేది. నా పదహారో ఏట ఒక సోమవారం అమ్మకి గుండెపోటు వచ్చింది. నాన్నకి ఫోన్ చేశాను. గోడ పూర్తయ్యేదాకా కదలడానికి వీల్లేదన్నాడట మేస్త్రీ. పని పోతుందని నాన్న భయపడి ఆగిపోయారు. మంగళవారం అమ్మ పోయింది. నాన్న బుధవారం వచ్చారు. ఓడకి ఎంతసేపు పడుతుందో తెలుసా మీకు?"

"రెండు గంటలు."

"అంతే. అదీ మీరు కొట్టేయమంటున్న నాలుగో అంశం."

ట్రామ్ వచ్చింది, ఎక్కేసింది. గొడుగు ముడిచి, తడుస్తూ ఇంటికి పోయాను.

మర్నాడు పొద్దున్నే హెల్సింకిలోని మా ఆఫీసుకి రాశాను, ఆ వాక్యం ఉండి తీరాలని. పై అధికారి ఫోన్ చేసి మండిపడ్డాడు. "నువ్వసలు ఎవరి తరఫున పనిచేస్తున్నావయ్యా?"

"మన తరఫునే సార్. వాళ్లు కట్టిన ఇంట్లోనే కదా మీరుంటున్నది!"

చలికాలమంతా ఆ ఒక్క వాక్యం మీదే గడిచింది. నేనూ లీలో ఒక్కో మాటా రెండు భాషల్లో సరిచూసేవాళ్లం. కొట్టుకునేవాళ్లం కూడా. చిక్కు వచ్చినప్పుడల్లా "ఇవాళ మూడు పెళ్లిళ్లున్నాయి, త్వరగా రా" అని కబురు పెట్టేది. 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరికీ గుర్తులేదు.

"మీ హల్లితుస్ ఒప్పుకుందా?" అని ఒకరోజు అడిగింది. మా భాషలో హల్లితుస్ అంటే ప్రభుత్వం.

"ఆలోచిస్తోంది."

"మా భాషలో దానికి బూజు అని అర్థం. అందుకే అంత నెమ్మది!"

ఏప్రిల్‌లో సంతకాలయ్యాయి. నాలుగో అంశం నిలిచింది. అదే వారం నాకు హెల్సింకికి బదిలీ ఆర్డరు వచ్చింది. ప్రేమిస్తున్నానని ఆ రోజే రేవు పక్కన చెప్పేశాను. చెప్పి ఊరుకోవచ్చుగా! ఊరుకోలేదు.

"ప్రతి శుక్రవారం వచ్చేస్తాను లీలో. ఎంత, రెండు గంటలేగా!"

ఆమె మొహం పాలిపోయింది. ఏమన్నానో అప్పుడు తెలిసింది నాకు.

"నాకూ నువ్వంటే ప్రేమే," అంది నెమ్మదిగా. "కానీ మా అమ్మ నిలబడ్డ చోట నేను నిలబడను ఆర్నీ. నా వల్ల కాదు." వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది.

మూడు వారాల తర్వాత, ఒక ఆదివారం, ఏలకుల రొట్టె పొట్లం పట్టుకుని వాళ్లింటికెళ్లాను. తలుపు తీసింది వాళ్ల నాన్న హైనో. సున్నంతో గరుకెక్కిన చేతులు. మా భాష నాకంటే మోటుగా, నాకంటే బాగా మాట్లాడతాడు. లీలో వంటింటి గుమ్మంలో ఆగిపోయింది.

"హైనో గారూ, లీలోని పెళ్లి చేసుకోవాలనుకుంటున్నాను. మిమ్మల్ని అడగడానికొచ్చాను."

"సోమవారం ఓడెక్కుతావా?"

"ఎక్కను. బదిలీ వద్దన్నాను. ఒప్పందం అమలు చూసే ఆఫీసు ఇక్కడే పెడుతున్నారు, అందులో చేరాను. హోదా రెండు మెట్లు తక్కువ."

"తర్వాత బాధపడవు కదా, బాబూ?"

"ఆమె రేవులో నిలబడితే బాధపడతాను."

ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు. "ఆ రోజు గోడ వదిలేసి రావాల్సింది నేను," అన్నాడు. "వాక్యం లేకపోయినా రావాల్సింది." పన్నెండేళ్లలో ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలట. లీలో వచ్చి నాన్న భుజం పట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు. నాకూ ఆగలేదు.

కళ్లు తుడుచుకుని ఆయన నా వైపు తిరిగి ఒకే ఒక్క మాటన్నాడు.

"పుల్మా."

"హైనో గారూ... ఏ భాషలో?"

"ముందు మా భాషలో కానివ్వండి," అన్నాడాయన రొట్టె తుంచుతూ. "మీ భాషలోది తర్వాత ఎలాగూ వస్తుంది."

మొదటి రోజు ఆ బల్ల దగ్గర నవ్వని లీలో, కళ్లనిండా నీళ్లతోనే పగలబడి నవ్వింది.